మొద్దు నుండి పొగ దాకా: కట్టెలు కొట్టుడులో ఉన్న శాస్త్రం

తమ్ముళ్ళారా! మేము హాస్టల్‌లో ఉన్న రోజుల్లో వంటంతా కట్టెల పొయ్యి మీదనే. మొద్దులు చీల్చడంలో వంటమనిషికి పెద్ద తరగతుల వాళ్ళం సాయం పట్టేవాళ్ళం. ఒకనాడు మాలో ఒకడు మొద్దును కాలితో తొక్కి పట్టి గొడ్డలి వేశాడు. అది జారి బొటనవేలి పక్కన దిగింది. వాడు పదవ తరగతి పరీక్షలకు కుంటుకుంటూ పోయాడు. మా బాపుల చేతిలో ఏనాడూ తప్పని గొడ్డలి మా చేతిలో ఎందుకు తప్పింది? ఈ పాఠం అందుకే రాస్తున్నాం.

మన కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో ఒట్టి తునకలు తెలియని ఇల్లు తక్కువ. మాంసాన్ని సన్నగా కోసి, ఉప్పు, పసుపు పట్టించి దండెం మీద ఎండబెడతారు. ముసురు పట్టి ఎండ లేనప్పుడు మా అవ్వలు ఆ దండెాన్నే పొయ్యి మీదుగా కట్టేవారు. నాగాలాండ్‌లో పంది మాంసాన్ని, మాల్దీవుల్లో చేపను ఇట్లాగే పొగబెడతారు.

పొగ ఏం చేస్తుంది?
కట్టెలో సెల్యులోజు, హెమీసెల్యులోజు, లిగ్నిన్ ఉంటాయి. మంట లేకుండా కట్టె రాజుకున్నప్పుడు లిగ్నిన్ విడిపోయి ఫినాల్ జాతి పదార్థాలు పుడతాయి. పొగ వాసన, రుచి చాలావరకు వాటివే. అవి, పొగలోని ఆమ్లాలు కలిసి సూక్ష్మజీవులను అడ్డుకుంటాయి. కానీ పొగ ఒక్కటే మాంసాన్ని కాపాడదు. ఉప్పు పట్టాలి, తడి ఆరాలి.

ఏ కట్టె మంచిది?
తుమ్మ, మామిడి, రేగు వంటి గట్టి కట్టె నిదానంగా రాజుకుంటుంది. గన్నేరు, ముసిడి విషపు చెట్లు, వాటిని పొయ్యి దగ్గరికే రానీయవద్దు. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్, బూజు పట్టిన కట్టె కూడా పనికిరావు. కిరోసిన్ పోసి, పాలిథీన్ కవర్లు వేసి అంటిస్తే ఆ విషం తిండికే పడుతుంది. ఇప్పచెట్టు పువ్వుతో, గింజతో బతుకునిస్తుంది. గోండులు దాన్ని కట్టెల కోసం కొట్టరు. మనమూ పచ్చని చెట్టు జోలికి పోవద్దు. ఎండి పడిన కొమ్మలు, పొలం గట్ల మీద కొట్టివేసిన తుమ్మ చాలు.

ఎట్లా కొట్టాలి?
1. మొద్దును ముందుగా రంపంతో జానెడు పొడవు ముక్కలుగా అడ్డంగా కోయాలి. పొట్టి ముక్క తేలికగా చీలుతుంది.
2. ముక్కను మరో వెడల్పాటి మొద్దు మీద నిలబెట్టాలి. చేతితో గాని కాలితో గాని పట్టుకోవద్దు.
3. కొసన ఎండిన పగుళ్ళు కనిపిస్తాయి. గొడ్డలి ఆ పగులు మీదనే పడాలి. చెక్క నార నిలువునా ఉంటుంది కాబట్టి ఆ వెంట చీలడం సులువు. బాపుల గొడ్డలి తప్పకపోవడానికి కారణం బలం ఒక్కటే కాదు, ఈ చూపు.
4. ముడి ఉన్నచోట నార మెలి తిరుగుతుంది. అక్కడ మొండిగా కొట్టక, ఇనుప చీలను దించి సమ్మెటతో కొట్టాలి. చింత మొద్దు నార అల్లుకుపోయి ఉంటుంది. మాంసం దుకాణంలో కొట్టే మొద్దు చింతది కావడం అందుకే.
5. కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడాలి. ఎదురుగా ఎవరూ ఉండకూడదు. గొడ్డలి కామ వదులైతే ముందు దాన్ని బిగించాలి.
6. చివరికి పిడికెడంత ముక్కలు చేయాలి. సన్న పేళ్ళు భగ్గున మండిపోతాయి. పిడికెడు ముక్క చాలాసేపు రాజుకుంటుంది.

ఎండబెట్టుడు
పచ్చికట్టె బరువులో సగం దాకా నీరే ఉండవచ్చు. అది 20 శాతం దాకా తగ్గాలి. బెరడు నీటిని బయటికి పోనీయదు కాబట్టి, చీల్చిన కట్టె తొందరగా ఎండుతుంది. నేలకు తగలకుండా, గాలి ఆడేలా పేర్చి, మన ఎండకాలమంతా ఎండనివ్వాలి. తడి కట్టె దట్టమైన తెల్ల పొగ ఇస్తుంది, తునకలు చేదెక్కుతాయి. పలుచని నీలి పొగ మంచి గుర్తు.

ఒక హెచ్చరిక
పొగలో బెంజోపైరీన్ వంటి క్యాన్సర్ కారకాలు కూడా ఉంటాయి. అందుకే పొగబెట్టిన తిండి అప్పుడప్పుడే తినాలి, పొగబెట్టే పని ఆరుబయటనే చేయాలి. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల పథకం వచ్చేదాకా ఎందరో అవ్వలు ఆ పొగలోనే కండ్లు, ఊపిరితిత్తులు పాడుచేసుకొని మనకు వండిపెట్టారు. ఆ సంగతి మరువవద్దు.

తమ్ముళ్ళారా, ఈసారి సెలవులకు ఇంటికి పోయినప్పుడు బాపు పక్కన నిలబడి మొద్దు కొసన పగులు చూడండి. మన ఇండ్లలో పనిగా ఉన్నదే మన పుస్తకాల్లో శాస్త్రంగా ఉంది. కట్టెలు కొట్టేవాళ్ళ పిల్లలమని చెప్పుకోవడానికి మేము ఒకప్పుడు సిగ్గుపడ్డాం. మీరు పడవద్దు.