విమానంలో వీడియో టేపులు భద్రమేనా?

ప్రశ్న: పెళ్లి దృశ్యాలున్న మినీ డీవీ టేపులు ఎక్స్‌రే తనిఖీలో చెరిగిపోతాయా?

జవాబు: చెరిగిపోవు. టేపుపై దృశ్యం సన్నని లోహపు పొరలో అయస్కాంత అమరికగా నిలిచి ఉంటుంది కనుక, కడగని ఫోటో ఫిల్మును పాడుచేయగల ఎక్స్‌రే కిరణాలు దానిని మార్చలేవు. దానికి హాని చేసేవి బలమైన అయస్కాంతాలే కాబట్టి పెద్ద స్పీకర్ల వంటి వాటికి దూరంగా ఉంచాలి. మరో ప్రతి లేని పెళ్లి టేపును చెక్-ఇన్ పెట్టెలో వేయడం ఏమాత్రం తగదు. వెనుక అంచున ఉండే చిన్న మీటను ‘సేవ్’ వైపుకు జరిపి, అంటే కొత్త రికార్డింగు పడకుండా చేసి, కెమెరాతోపాటు చేతిసంచిలోనే ఉంచుకోవాలి. విడి లిథియం బ్యాటరీలను కూడా, లోహపు కొనలకు టేపు అంటించి, క్యాబిన్‌లోకే తీసుకువెళ్లాలి. చల్లని విమానం నుంచి విశాఖపట్నం వంటి తేమ ఊళ్లో దిగగానే కెమెరా తీస్తే, టేపును చదివే తిరుగుడు డ్రమ్ముపై నీటి చెమ్మ పట్టి టేపు దానికి అంటుకుని నలిగిపోవచ్చు కనుక, లోపలి పరికరం బయటి వేడికి అలవాటు పడేదాకా, గంటో రెండు గంటలో, సంచిని మూసే ఉంచాలి.