పాత కెమేరా బేరము

గోదావరి డెల్టాలో మాఘమాసము వచ్చినదనిన పెండ్లిపందిరి లేని వీధి యుండదు. తలంబ్రాలు పోయు క్షణమును పట్టుకొనుటకై పురోహితుని కంటె ముందుగా పందిటిలో సిద్ధముగా నిలుచువాడు ఛాయాగ్రాహకుడు. నా చిన్నతనమున అతడు మూడుకాళ్ల పీటపై పెట్టె నిలిపి, నల్లగుడ్డ కప్పుకొని, "కదలకుడు" అని మమ్ము భయపెట్టెడివాడు. పెండ్లి మొత్తమునకు పన్నెండు ఫోటోలు తీసిన నదియే గొప్ప. నేడు ఒక్క రాత్రిలో రెండు మూడు వేల ఫోటోలు తీయుచున్నారు. అందులకు తగిన కెమేరాయు, లెన్సులును క్రొత్తవి కొనవలెనన్న లక్షలు కావలెను. పల్లెటూరి కుర్రవాడు అంత సొమ్ము ఎచ్చటనుండి తెచ్చును? కావున పాతసామాను వెదకును.

పూర్వము పాతకెమేరా కావలసినవాడు రాజమహేంద్రవరమునకో కాకినాడకో పోయి, తెలిసిన స్టూడియోవారి నడిగెడివాడు. ఇప్పుడు ఫోనుతెరపై వేలు కదపిన చాలును. ఓఎల్ఎక్స్, క్వికర్, ఫేస్‌బుక్ మొదలగువానిలో అమ్మకపు ప్రకటనలు కుప్పలుగా కనబడును. వీనిలో నిజమైనవియే యెక్కువ. అయినను చేనిలో కలుపువలె మోసపు ప్రకటనలును వానిలో కలిసి యుండును. దూరమునుండి చూచిన రెండును ఒక్కతీరుననే పచ్చగా నుండును.

కోనసీమలో కాలువగట్టున నున్న యొక గ్రామమున నా పూర్వవిద్యార్థి యొకడు చిన్న స్టూడియో నడుపుచున్నాడు. పేరు చెప్పిన అతడు సిగ్గుపడును గనుక చెప్పను. తరగతిలో లెక్కలలో మొదటివాడు. ఈ మాట ఏల చెప్పుచున్నాననగా, మోసపోవువారు తెలివితక్కువవారని లోకములో నొక అపోహ కలదు. అది నిజము కాదు.

ఒకనాటి రాత్రి అతనికొక ప్రకటన కనబడెను. పాతబజారులో డెబ్బదివేలు పలుకు కెమేరా, రెండు లెన్సులతో కలిపి ముప్పదియైదు వేలకే యిచ్చెదనని దానిలో నుండెను. ఫోను చేయగా అవతలివాడు హిందీలో మిక్కిలి మర్యాదగా మాటలాడెను. తాను సైనికుడననియు, విశాఖపట్టణమునుండి జమ్మూకు బదిలీ యైనదనియు, సామాను మోసికొనిపోలేక తక్కువకే యమ్ముచున్నాననియు చెప్పెను. తన గుర్తింపుకార్డు ఫోటోను, సైనికదుస్తులలో నున్న ఫోటోను పంపెను. "వచ్చి చూచెదను" అని మనవాడు అనగా, "కంటోన్మెంటులోనికి బయటివారిని రానీయరు. సైన్యపు పార్సెలులో పంపెదను. ముందు రెండువేలు కట్టిన చాలును" అనెను.

మనవాడు రెండువేలు పంపెను. మరునాడు పార్సెలుపై తన పేరు వ్రాసియున్న ఫోటో వచ్చెను. దాని వెంటనే పన్ను క్రింద ఎనిమిదివేల ఐదువందలు కట్టవలెనను మాటయు వచ్చెను. అదియు పంపెను. మూడవనాటి ఉదయమున బీమా క్రింద పదునాలుగువేల ఐదువందలు కట్టుమనియు, సరకు చేరగానే ఆ సొమ్ము తిరిగి వచ్చుననియు చెప్పెను. అప్పటికి పదివేల ఐదువందలు పోసియున్నాడు. ఇప్పుడు మానిన అదంతయు పోవునను భయమే అతని చేత ఆ మూడవ మొత్తమును పంపించినది. మధ్యాహ్నమునకు మరల పదివేలు కావలెనని ఫోను వచ్చెను. అప్పుడతడు సైకిలుమోటారు ఎక్కి నా యింటికి వచ్చెను.

"మాస్టారూ! సైనికుడు అబద్ధమాడునాండి?" అని అడిగెను.

"సైనికుడు ఆడడు. వీడు సైనికుడని నీకెవరు చెప్పిరి?"

"కార్డు పంపెనండి."

"కార్డు పంపలేదు, కార్డు ఫోటో పంపెను. నీవు ఫోటోగ్రాఫరువు. ఫోటోలో అక్షరములు మార్చుట యెంత పని?"

అతడు తల వంచుకొనెను. పెండ్లికొడుకు ముఖముపై మచ్చలు తీసివేయు విద్య అతనికి నాకంటె బాగుగా తెలియును.

మోసగాండ్రు సైనికవేషమునే యేల యెన్నుకొందురు? పశ్చిమగోదావరిలో తాడేపల్లిగూడెము దగ్గర మాధవరమను గ్రామము కలదు. తరతరములుగా ఇంటింటినుండి సైన్యములో చేరిన యూరగుటచే దానిని మిలిటరీ మాధవరమందురు. అట్టి యూళ్లున్న దేశములో సైనికుడనిన ప్రజలకు సహజముగా గౌరవముండును. అతనిని ప్రశ్నించుటకు మనసొప్పదు. ఆ గౌరవమునే దొంగ ముసుగుగా కప్పుకొనును. 2019, 2020 సంవత్సరములలో ఇట్టి ప్రకటనల మోసములు తెలుగునాట మిక్కుటము కాగా, హైదరాబాదు పోలీసులు రాజస్థానములోని భరత్‌పూర్ ప్రాంతము వరకు పోయి కొందరిని పట్టి తెచ్చిరి. మనతో జమ్మూ కబుర్లు చెప్పువాడు జమ్మూ ముఖము చూడనక్కరలేదన్నమాట.

నేను చేసిన పని యొక్కటే. అతని చేత వెంటనే 1930 అను సంఖ్యకు ఫోను చేయించితిని. సైబరు మోసములపై ఫిర్యాదు చేయుటకు కేంద్రప్రభుత్వము ఏర్పరచిన సంఖ్య యిది. మనము చెప్పిన వివరములు మోసగాని ఖాతా యున్న బ్యాంకునకు చేరును. సొమ్ము ఇంకను అందుండిన బ్యాంకువారు దానిని కదలనీయక ఆపుదురు. సొమ్ము ఒక ఖాతానుండి మరియొక ఖాతాకు పరుగెత్తుచుండును గనుక గంటలు గడచినకొలది ఆశ తరుగును. మొదటి రెండు మొత్తములును అప్పటికే మాయమైనవి. ఉదయము పంపిన దానిలో తొమ్మిదివేలు మాత్రము చిక్కినవి. న్యాయస్థానపు ఉత్తర్వుతో అవి చేతికి వచ్చుసరికి కొన్ని నెలలు పట్టినది. ఇరువదియైదు వేలలో పదునారువేలు గోదావరిలో కలిసినట్లే.

శిక్ష లేకపోలేదు. కంప్యూటరు, ఫోను మొదలగు సాధనములతో మరియొకరి వేషము వేసి మోసగించినవానికి 2000 సంవత్సరపు ఐటీ చట్టములోని 66-డి సెక్షను క్రింద మూడేండ్ల వరకు చెరసాల, లక్ష రూపాయల వరకు జరిమానా విధింపవచ్చును. మోసగానిని మనము నాలుగువందల యిరువది అని పిలుచుట పాత శిక్షాస్మృతి సెక్షనును బట్టి వచ్చినది. 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయసంహిత అమలులోనికి వచ్చి, ఆ సంఖ్య 318 అయినది. తిట్టు మాత్రము ఇంకను మారలేదు.

ఇంత చెప్పుచున్న నేను ఎన్నడును తడబడలేదనుకొనకుడు. మా యింటి పాతబీరువా నమ్మవలెనని నేనును ఒకప్పుడు ప్రకటన వేసితిని. అరగంటలో ఒకడు ఫోను చేసి, బేరమైనను ఆడక, నాలుగువేలకు ఒప్పుకొనెను. "మీ ఫోనునకు నలుపుతెలుపు గళ్ల బొమ్మ పంపితిని. దానిని స్కాను చేసి పిన్ను కొట్టుడు, సొమ్ము మీ ఖాతాలో పడును" అనెను. నేను కండ్లద్దములు సవరించుకొనుచుండగా మా యింటియామె వంటగదినుండి, "పాలవాడు మనకు బాకీ తీర్చిన నాడు మీరేమైనను పిన్ను కొట్టితిరా?" అని యడిగెను. కొట్టలేదు. యూపీఐ పద్ధతి 2016లో వచ్చినది మొదలు నేటివరకు సొమ్ము పుచ్చుకొనువానికి పిన్నుతో పని లేదు. పిన్ను కొట్టుట యనగా మన పెట్టె తాళము తీసి యిచ్చుటయే. ఫోను పెట్టివేసితిని. ఆ బీరువాను తరువాత మా యూరి వడ్రంగి మూడువేలకు తీసికొనెను.

మరుసటి సంవత్సరము నా శిష్యుడు మరల కెమేరాకై వెదకెను. ఈ పర్యాయము నన్ను వెంటబెట్టుకొని పోయెదననెను. రాజమహేంద్రవరములో ఒక వృద్ధుడు స్టూడియో మూసివేయుచు, తన నికాన్ డి 750 కెమేరాను అమ్ముచున్నాడు. ముందుగా మనవాడు ఆయనను రెండు ఫోటోలు కోరెను. మొదటిది, ఆనాటి వార్తాపత్రికపై కెమేరా నుంచి తీసిన ఫోటో. ప్రకటనలోని బొమ్మ ఎవరిదైన కావచ్చును. ఆనాటి పత్రికపై పెట్టి తీయవలెనన్న సరకు చేతిలో నుండి తీరవలెను. రెండవది, ఆ కెమేరాతో తీసిన ఫోటో, ఏమాత్రము కుదింపక అసలు ఫైలుగా. ఆ ఫైలులో మన కంటికి కనబడని వ్రాత కొంత దాగియుండును. తీసిన దినము, కెమేరా రకము, అనేక కెమేరాలలో దాని వరుససంఖ్యయు అందుండును. వాట్సాపులో మామూలు ఫోటోగా పంపిన ఈ వ్రాత చెరిగిపోవును. దొంగకు ఈ రెండు కోరికలు విన్నంతనే కోపము వచ్చును. ఆ వృద్ధునికి రాలేదు. "రేపు పంపెదను బాబూ, ఇప్పుడు బ్యాటరీ లేదు" అని, మాట ప్రకారము పంపెను.

పట్టపగలు, జనసమ్మర్దముగల కోటిపల్లి బస్టాండు దగ్గర నొక హోటలులో కలిసికొంటిమి. స్థలము నేనే చెప్పితిని. దానికి కారణము కలదు. 2024 ఫిబ్రవరి నెలాఖరున విశాఖనుండి యొక యువ ఛాయాగ్రాహకుని ఫోటోలు తీయవలెనను నెపముతో రావులపాలెము వైపునకు పిలిపించి, అతని కెమేరాలకై ప్రాణము తీసిరి. మా ప్రాంతమువారము ఆ వార్తను ఇంకను మరువలేదు. విలువైన సామాను చేతబట్టుకొని, ముక్కు మొగము తెలియనివాడు పిలిచిన చోటికి ఒంటరిగా పోరాదు. అమ్మువానికిని కొనువానికిని ఇది యొక్కటే.

పశువుల సంతలో ఎద్దును కొనువాడు నోరు తెరచి పండ్లు చూచును. కెమేరాకు పండ్లవంటిది షట్టరు లెక్క. బొత్తాము నొక్కినప్పుడెల్ల లోపలి తెర యొకసారి తెరచి మూసికొనును. డి 750లోని ఆ తెరను లక్షయేబది వేల పర్యాయములు తట్టుకొనునట్లు పరీక్షించితిమని తయారుచేసినవారు చెప్పిరి. నికాన్ ఫోటోఫైలులో ఈ లెక్క వ్రాసియుండును. కొన్ని యితర కంపెనీల ఫైళ్లలో నుండదు, వేరు ఉపాయముతో తెలిసికొనవలెను. "కొద్దిగా వాడితిమి" అని ప్రకటనలో నుండి, లోపల లక్ష దాటిన లెక్క కనబడిన ఆ యెద్దు ముసలిదని యెరుగునది. మా వృద్ధుని కెమేరా లెక్క అరువది రెండువేలు. ఆయన ముందే అరువదివేలకు పైన అని చెప్పియుండెను.

పిమ్మట మనవాడు లెన్సునకు మూత పెట్టి యొక ఫోటో తీసెను. నల్లని బొమ్మలో తెల్లని చుక్కలు మెరసిన సెన్సారు దెబ్బతిన్నదని గుర్తు. తెల్లగోడను సన్నని రంధ్రముతో తీసి, ధూళి మచ్చలు వెదకెను. దగ్గరి గ్లాసును, దూరపు బస్సును మార్చి మార్చి చూపి, కెమేరా తడుముకొనుచున్నదేమో గమనించెను. చివరకు లెన్సు విప్పి, ఒకవైపునుండి టార్చిలైటు వేసి రెండవవైపునుండి చూచెను. సాలెగూడు దారములవంటి సన్నని తీగలు అంచున కనబడినవి. అది బూజు. మన డెల్టాలో వరిచేలు, కాలువలు, సముద్రపుగాలి కలిసి ఏడాదిలో సగము దినములు తేమయే గనుక, బీరువాలో మూసిపెట్టిన లెన్సునకు బూజు పట్టుట వింత కాదు. ముదిరినచో అది గాజుపై పూతను కూడ తినివేయును. వృద్ధుడు దానిని దాచదలచెనని నే ననుకొనను. ఆయన కండ్లకు ఆ తీగలు కనబడవు. తానును ఒకసారి టార్చి వేసి చూచి, "అయ్యో" అని, ధరలో నాలుగువేలు తగ్గించెను.

మిగిలినది బిల్లు. జీఎస్టీ 2017 జూలై 1న వచ్చినది కావున అంతకు ముందు తేదీ గల బిల్లుపై ఆ సంఖ్య యుండిన అది దొంగబిల్లు. సంఖ్యలో పదునైదు అక్షరములుండును. మొదటి రెండును రాష్ట్రమును తెలుపును. మనకు 37, తెలంగాణమునకు 36. విజయవాడ దుకాణపు బిల్లుపై 36 కనబడిన ఏల యని యడుగవలెను. జీఎస్టీ వెబ్‌సైటులో ఆ సంఖ్య కొట్టి చూచిన వ్యాపారి పేరు వచ్చును. బిల్లులోని వరుససంఖ్య, కెమేరా అడుగున నున్న వరుససంఖ్య, ఫోటోఫైలులోనిది మూడును ఒక్కటి కావలెను. ఫోను దొంగిలింపబడిన, దాని ఐఎంఇఐ సంఖ్యతో దానిని పనిచేయకుండ ఆపించు ప్రభుత్వపు ఏర్పాటు కలదు. కెమేరాకు అట్టిది లేదు. దొంగసొత్తని యెరిగియో, ఎరుగుటకు తగిన కారణముండియో కొనినవాడు కూడ న్యాయసంహిత 317 సెక్షనునకు చిక్కును. బిల్లులేని బేరము చవుక యగుటకు ఇదియు నొక కారణము.

మూడు సంఖ్యలును కలిసినవి. ఆ తరువాతనే సొమ్ము పంపుట జరిగెను. వృద్ధుని ఫోను మ్రోగి ఖాతాలో పడినట్లు తెలియువరకు ఆయనయు కెమేరాపైనుండి చేయి తీయలేదు. అది నాకు నచ్చినది. తెల్లకాగితముపై ఇరువురి పేర్లు, తేదీ, వరుససంఖ్య, ధర వ్రాసి సంతకములు చేసిరి. సాక్షిగా నేను చేసితిని. ఆయన కెమేరా పట్టెడను ఒకసారి తుడిచి, "బాబూ, బూజు పట్టిన లెన్సును మిగిలినవానితో కలిపి ఒక్క పెట్టెలో పెట్టకు, సిలికా జెల్ పొట్లాలు వేసి వేరుగా దాచుము" అని చెప్పి, కాఫీసొమ్ము తానే యిచ్చెను.

వచ్చుచు రావులపాలెము దగ్గర గౌతమి వంతెన దాటినప్పుడు మనవాడు బస్సు కిటికీనుండి నది నొకటి తీసెను. "అరువదిరెండువేల మూడువందల పదునెనిమిది, మాస్టారూ" అని లెక్క చెప్పెను.