ఆ సలహా మన సైజేనా?

రాత్రి అంట్లు తోమి, వంటిల్లు సర్ది, ఫోన్ పట్టుకుని 'ఆఫీసు పని త్వరగా తెమలాలంటే' అని వెతుకుతాం. ఒక వీడియో పది వీడియోలవుతుంది. చివరికి 'అందరూ ఎంత పద్ధతిగా ఉన్నారు, నేనే ఇట్లా ఉన్నా' అనుకుంటూ దిగులుగా పడుకుంటాం. మనలో చాలామందికి ఇదే తంతు కదూ? ముందు ఓ కప్పు చాయ్ పోసుకుని ఇట్లా కూర్చో చెల్లీ.

అసలు ఆ సలహా ఎవరి కోసం పుట్టిందో చూశావా? పాతిక నిమిషాలు పని, అయిదు నిమిషాలు విరామం అనే పొమొడోరో పద్ధతి ఉంది కదా. 1980ల చివర్లో ఫ్రాన్సెస్కో సిరిల్లో అనే ఇటలీ విద్యార్థి, చదువు మీద మనసు నిలవక, టమాటా ఆకారంలో ఉన్న వంటింటి టైమర్‌తో మొదలుపెట్టాడు. ఒక్కడే కూర్చుని చదువుకునే పిల్లాడికి బాగానే కుదిరింది. పత్తర్‌గట్టీ బట్టల షాపులో బిల్లింగ్ కౌంటర్ చూసుకునే అమ్మాయి "ఆగండి, నా టైమర్ మోగలేదు" అంటే గిరాకీ ఊరుకుంటుందా? మధ్యాహ్నం జనం పల్చబడ్డాక స్టాకు లెక్క రాసుకునేటప్పుడు మాత్రం అదే పద్ధతి చక్కగా పనికొస్తుంది. ఇక రంజాన్ నెలలో అక్కడ అర్ధరాత్రి దాటినా షట్టర్ దించరు. ఆ పిల్లకి 'తెల్లవారి అయిదింటికే లేవండి' అని చెప్పేవాళ్లని ఏమనాలి! ముందు కంటినిండా పడుకోనివ్వండి పాపం.

లాడ్ బజార్‌లో గాజులు ఎంత మెరిసినా, మన చేతికి 2.6 కావాలంటే 2.4 ఎక్కించుకోం కదా. ఎక్కకపోతే చెయ్యి తప్పా? ఇదీ అంతే. నిన్ను నువ్వు తిట్టుకోవడం ఈ పూటతో ఆపెయ్.

మరి మనకు సరిపోయేది దొరికేదెట్లా? పేరు పెట్టి అడగాలమ్మా. 'పనితీరు పెంచుకోవడం ఎలా' అంటే ఉపన్యాసాలే వస్తాయి. రోజంతా ఎక్కడ ఇరుక్కుంటున్నావో ఒక చీటీ మీద రాసుకో. సాయంత్రం లెక్కలు సరిచూడ్డానికే గంట పడుతోందా? అయితే 'ఎక్సెల్‌లో రెండు లిస్టుల్లో తేడా పట్టుకోవడం ఎలా' అని వెతుకు. ఐఐటీ బాంబే వాళ్ల స్పోకెన్ ట్యుటోరియల్‌లో లిబ్రెఆఫీస్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ల పాఠాలు తెలుగులోనూ ఉన్నాయి, పైసా కట్టక్కర్లేదు. కొంచెం లోతుగా నేర్చుకోవాలంటే కేంద్ర ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన 'స్వయం' అనే ఆన్‌లైన్ పాఠాల వేదిక ఉంది. పాఠాలు ఉచితమే, సర్టిఫికెట్ పరీక్షకే ఫీజు. వీడియో ఏ ఏడాదిదో కూడా చూసుకో. పాతదైతే అందులో చూపించే బటన్ నీ స్క్రీన్ మీద ఉండకపోవచ్చు. వచ్చీరాగానే తన విజయగాథ ఎత్తుకుని, చివర్లో కోర్సు అమ్మేవాళ్లని నేనైతే మధ్యలోనే ఆపేస్తాను.

మంచి సలహానైనా సగం విని వదిలేస్తే చేటే. రెండు నిమిషాల్లో అయ్యే పని అప్పుడే చేసెయ్యమని డేవిడ్ అలెన్ 2001లో 'గెటింగ్ థింగ్స్ డన్' పుస్తకంలో చెప్పాడు. అది, వచ్చిన పనులన్నీ ముందేసుకుని సర్దుకునే వేళకు చెప్పిన మాట. వాట్సాప్ మోగినప్పుడల్లా పరిగెత్తమని కాదు! మెసేజ్‌లు చూడ్డానికి పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి టైం పెట్టుకో. అర్జెంటైతే ఫోన్ చేస్తారులే.

అన్నట్టు, ఫలక్‌నుమాలో ఎంఎంటీఎస్ ఎక్కి హైటెక్ సిటీ దాకా వెళ్లే చెల్లెళ్లూ, సీటు దొరికితే వీడియోలు కాదు, ఒక కునుకు తియ్యండి.

సేవ్ చేసి పెట్టుకున్న సలహాల్లో ఒక్కటి ఉంచుకుని మిగతావి ఈ రాత్రే తీసేయ్. ఆ ఒక్కదాన్నీ వారంపాటు చేసి చూడు. కుదరకపోతే మొహమాటపడకుండా దాన్నీ తీసేయ్, ఏం ఫర్లేదు.