ఆల్చిప్ప పిల్లల పెంపకం

ఉప్పుటేరు సముద్రంలో కలిసేచోట రాళ్ళను, వంతెన స్తంభాలను గట్టిగా కరచుకొని ఉండే ఆల్చిప్పలను మీలో కొందరు చూసే ఉంటారు. అవి కదలవు. మరి వాటికి ఆహారం ఎలా దొరుకుతుంది?

గుడ్డు నుంచి వెలువడిన డింభకం రెండు, మూడు వారాలపాటు నీటిలో ఈదుతుంది. తరువాత గట్టి ఆధారం చూసుకొని దానికి అతుక్కుంటుంది. ఇక తానుగా కదలదు. ఆహారమే దాని దగ్గరకు రావాలి. తెచ్చిపెట్టేది నీటి ప్రవాహం. ఆల్చిప్ప మొప్పల మీద సన్నని శైలికలుంటాయి. అవి కదులుతూ నీటిని లోపలికి లాగుతాయి. అందులోని సూక్ష్మమైన మొక్కలను మొప్పలు వడగడతాయి. ప్రాణవాయువు కూడా ఆ నీటి నుంచే లభిస్తుంది.

తమిళనాడులోని తూత్తుకుడిలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు 1970వ దశకంలో ఆల్చిప్పల పెంపకంపై ప్రయోగాలు చేశారు. సున్నం పూసిన పెంకులను నీటిలో ఉంచితే డింభకాలు వాటికి అతుక్కుంటాయి. కొంత పెరిగాక పిల్లలను విడదీసి, వల అల్లిన పెట్టెలలో ఉంచుతారు.

పెట్టె ఎందుకు? లేత చిప్ప పలుచన. పీతలు దానిని సులభంగా పగలగొట్టి తింటాయి. మాంసాహార నత్తలు, కొన్ని చేపలు కూడా దానికి శత్రువులే. వల కన్నులు సన్నగా ఉంటే ఇవి లోపలికి రాలేవు.

అయితే ఇక్కడే ఒక చిక్కు ఉంది. సన్నకన్నుల వల శత్రువులతోపాటు నీటి వేగాన్ని కూడా అడ్డుకుంటుంది. ఒండ్రు, పాచి, బార్నకిల్ గుల్లలు పట్టితే కన్నులు పూడుకుపోతాయి. పిల్లలు కిక్కిరిసి ఉంటే అంచున ఉన్నవి ఆహారాన్ని ముందుగా అందుకుంటాయి. నడుమ ఉన్నవాటికి మిగిలేది తక్కువ. అందుకే ఒకే వయసు పిల్లలు కూడా ఒకే పెట్టెలో చిన్నా పెద్దా కనిపిస్తాయి.

అలాగని నీరు మరీ వడిగా పారేచోట ఉంచినా నష్టమే. ఆ వడిలో వడగట్టడం కష్టమవుతుంది. అలల తాకిడికి పిల్లలు ఒకదానితో ఒకటి ఒరుసుకొని, కొత్తగా పెరిగే చిప్ప అంచు విరుగుతుంది.

కాబట్టి పెంపకందారు అలల తాకిడి లేని, ఆటుపోట్ల నీరు వచ్చిపోయే తావును ఎన్నుకుంటాడు. వలను తరచు శుభ్రం చేస్తాడు. పిల్లలను పరిమాణాన్నిబట్టి వేరుచేసి పలుచగా సర్దుతాడు. చిప్ప గట్టిపడేకొద్దీ పెద్దకన్నుల వలకు మారుస్తాడు. పసితనంలో రక్షణ ఎక్కువ కావాలి. ఎదిగేకొద్దీ నీరు ధారాళంగా అందాలి.

కొత్త పదాలు
డింభకం = గుడ్డు నుంచి వెలువడిన తొలిదశ జీవి
శైలికలు = వెంట్రుకలవంటి సూక్ష్మభాగాలు
ఒండ్రు = నీటితో కొట్టుకువచ్చే మెత్తని మట్టి

ప్రశ్నలు
1. ఆల్చిప్ప ఆహారాన్ని ఎలా గ్రహిస్తుంది?
2. సన్నకన్నుల వలవల్ల లాభమేమిటి? నష్టమేమిటి?
3. ఒకే పెట్టెలోని పిల్లలు సమానంగా పెరగకపోవడానికి కారణం రాయండి.