డ్రైవ్ కనబడకపోతే: ఉప్పుగాలి ఊళ్ళో నేర్చుకున్న పాఠం



పోయిన సంక్రాంతి సెలవులకి మైపాడు దగ్గర మా అమ్మమ్మ వాళ్ళ ఊరికి వెళ్ళాను. అమ్మమ్మ బీరువాలోంచి ఒక సీడీ తీసి చేతిలో పెట్టింది. శ్రీరామనవమి పందిట్లో మా తాతయ్య చెప్పిన హరికథ అది. క్యాసెట్‌లో ఉన్నదాన్ని ఎప్పుడో నెల్లూరులో సీడీకి ఎక్కించారు. ఆ క్యాసెట్ పోయింది, తాతయ్యా పోయారు. మిగిలింది ఈ ఒక్క సీడీనే. "అబ్బయా, ఇంజనీరింగ్ చదవతన్నావు గదా, దీన్ని నా ఫోన్లో పెట్టు" అంది.

నా లాప్‌టాప్‌కి సీడీ డ్రైవే లేదు. మామయ్య రొయ్యల గుంటల లెక్కలు రాసుకునే పాత డెస్క్‌టాప్‌కి ఉంది. తీరా చూస్తే 'మై కంప్యూటర్'లో హార్డ్ డిస్క్ తప్ప ఇంకేమీ కనబడలేదు. నేనేం చేశానంటే, లెక్కలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి తీసి విండోస్ మళ్ళీ ఎక్కించాను. సాయంత్రమంతా దానికే సరిపోయింది. డ్రైవ్ మాత్రం రాలేదు. ఆ తప్పు వల్ల నేర్చుకున్న క్రమాన్నే ఇక్కడ రాస్తున్నాను. సూత్రం ఒక్కటే: ఖర్చులేని పరీక్ష, ఏదీ చెడగొట్టని పరీక్ష ముందు చేయాలి.

1. జబ్బు ఏదో తేల్చుకోండి

డ్రైవ్ అసలు కనబడకపోవడం ఒక జబ్బు. డ్రైవ్ కనబడి, డిస్కు చదవకపోవడం వేరే జబ్బు. రెండోదైతే కేబుళ్ళ జోలికి వెళ్ళే ముందు ఇంకో డిస్కు వేసి చూడండి.

2. పవర్ వస్తోందా?

డ్రైవ్ మీద బటన్ నొక్కండి. ట్రే బయటికి వస్తే పవర్ అందుతున్నట్టే. ట్రే తెరుచుకోడానికి డేటా కేబుల్‌తో పని లేదు. లైటూ వెలగక, ట్రే కదలకపోతే ముందు పవర్ కేబుల్‌ని అనుమానించండి. మా దాంట్లో ట్రే హాయిగా వచ్చింది.

3. బయోస్‌ని అడగండి

కంప్యూటర్ ఆన్ అవుతున్నప్పుడు డిలీట్ గానీ ఎఫ్2 గానీ నొక్కితే చాలా వాటిలో బయోస్ తెరుచుకుంటుంది. అది విండోస్ కంటే ముందే పనిచేస్తుంది కాబట్టి దాని సాక్ష్యం గట్టిది. అక్కడ డ్రైవ్ పేరు ఉంటే తప్పు చాలావరకు విండోస్‌ది. లేకపోతే కేబుల్, పోర్టు, డ్రైవ్, లేదా బయోస్ సెట్టింగు. ఈ ఒక్క నిమిషం పని ముందే చేసి ఉంటే నా సాయంత్రం మిగిలేది.

అక్కడే తేదీ కూడా చూడండి. ఎప్పటిదో పాత తేదీ ఉంటే మదర్‌బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ అయిపోయిందన్నమాట. అది పోతే సెట్టింగులు మారిపోయి, డ్రైవ్ ఉన్న పోర్టు ఆగిపోయే అవకాశం ఉంది.

4. మూత తీయండి

ప్లగ్గు పీకేసి, పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకోండి. క్యాబినెట్ ఇనుము ముట్టుకుని ఒంట్లో స్టాటిక్ పోగొట్టుకోండి. సాటా డ్రైవ్‌కి రెండు కేబుళ్ళు ఉంటాయి: 7 పిన్నుల డేటా, 15 పిన్నుల పవర్. మేం డేటా కేబుల్ పీకి చూస్తే కొసన పచ్చటి చిలుము.

మన తీరం ఊళ్ళలో ఇది వింతేం కాదు. సముద్రపు గాలి వెంట ఉప్పు రేణువులు ఇంట్లోకి వస్తాయి. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను పీల్చి తనే నీరవుతుంది. వానాకాలంలో ఉప్పు జాడీ చెమర్చేది ఇందుకే. ఆ ఉప్పునీరు లోహాన్ని తింటుంది.

ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పిన్నులు తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, కొత్త కేబుల్ వేసి, ఇంకో పోర్టుకి తగిలించాం. బయోస్‌లో డ్రైవ్ పేరు వచ్చింది!

5. తప్పు విండోస్‌దైతే

డివైస్ మేనేజర్‌లో డ్రైవ్ పక్కన పసుపు గుర్తు ఉంటే, దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేయండి. అప్పటికీ రాకపోతే రిజిస్ట్రీలో సీడీ డ్రైవ్‌ల విభాగంలో అప్పర్‌ఫిల్టర్స్, లోయర్‌ఫిల్టర్స్ అనే విలువలు ఉన్నాయేమో చూడండి. పాత బర్నింగ్ సాఫ్ట్‌వేర్లు వదిలిపోయిన ఈ చెత్త డ్రైవ్‌ని మాయం చేస్తుంది. రిజిస్ట్రీ బ్యాకప్ తీసుకోకుండా మాత్రం దేన్నీ తీసేయొద్దు.

కనబడనిది హార్డ్ డిస్క్ అయితే ఇంకా జాగ్రత్త. టిక్ టిక్ శబ్దం వస్తుంటే వెంటనే ఆపేయండి. ఫార్మాట్ చేయమంటారా అని అడిగితే ఒప్పుకోకండి.

6. కనబడ్డాక

సీడీని గుండ్రంగా తుడవకూడదు. మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచు వైపు తిన్నగా తుడవాలి. పేరు రాసే వైపు గీత పడితే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే సమాచారం ఆ పొరకిందే ఉంటుంది.

మా సీడీ అంచు దగ్గర ఆ పొర లేచిపోయింది. సీడీ మధ్య నుంచి మొదలై బయటికి చదువుతుంది కాబట్టి పోయింది కథ చివరి భాగం. మంగళం రాలేదు. మిగతాదంతా వచ్చింది. తాతయ్య గొంతు విని అమ్మమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మంగళం నాకొచ్చులే" అని తనే పాడింది. అదీ రికార్డు చేసి చివర కలిపాను.

ఇప్పుడు ఆ హరికథ ఫోన్లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి, నా దగ్గర ఒకటి ఉంది. మీ ఇళ్ళలోనూ ఇలాంటి డిస్కులు ఉండే ఉంటాయి. ఈ సెలవుల్లో వాటిని బయటికి తీయండి. డ్రైవ్ బాగుచేయొచ్చు, కొత్తది కొనొచ్చు. లేచిపోయిన పొరని మాత్రం ఎవరూ తిరిగి అంటించలేరు.