రాయని లాక్ పెట్టిన చిక్కు

ప్రశ్న: మా మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో ఆర్డర్‌ను చేర్చి, ఆ వెంటనే కస్టమర్ రోలో బాకీ మొత్తం మారుస్తాం. అన్ని ట్రాన్సాక్షన్లూ ఒకే వరుసలో నడుస్తున్నా 1213 డెడ్‌లాక్ ఎర్రర్ ఎందుకు వస్తోంది?

జవాబు: మీ కోడ్‌లో కనిపించని లాక్ ఒకటి ఉంది. ఆర్డర్ చేర్చేటప్పుడు ఆ కస్టమర్ ఉన్నాడో లేదో ఇన్నోడీబీ ఫారిన్ కీ ప్రకారం సరిచూస్తుంది. అందుకోసం కస్టమర్ రోపై షేర్డ్ లాక్ వేసి, ట్రాన్సాక్షన్ ముగిసేదాకా వదలదు. ఈ లాక్‌ను ఇద్దరు ఒకేసారి పట్టుకోవచ్చు. ఒకే కస్టమర్‌కు రెండు ఆర్డర్లు ఒకేసారి వస్తే రెండింటికీ అది దక్కుతుంది. ఆపైన బాకీ మార్చాలంటే ఎక్స్‌క్లూజివ్ లాక్ కావాలి. అవతలి ట్రాన్సాక్షన్ తన షేర్డ్ లాక్ వదిలితే తప్ప అది రాదు. ఇద్దరూ అక్కడే ఆగిపోతారు. ఇన్నోడీబీ అది పసిగట్టి ఒకదాన్ని రోల్‌బ్యాక్ చేస్తుంది.

వరుస తిప్పండి: ముందు బాకీ మార్చి, తర్వాత ఆర్డర్ చేర్చండి. అప్పుడు రెండో ట్రాన్సాక్షన్ మొదటిది ముగిసేదాకా ఆగుతుంది, అంతే. ముందే ‘సెలెక్ట్ ఫర్ అప్‌డేట్’తో ఆ రోను పట్టుకున్నా ఫలితం అదే. ఏ లాక్ దగ్గర చిక్కిందో ‘షో ఇంజిన్ ఇన్నోడీబీ స్టేటస్’ చూపిస్తుంది. ఏం చేసినా, 1213 వస్తే ట్రాన్సాక్షన్ మొత్తాన్నీ మళ్లీ నడిపే ఏర్పాటు కోడ్‌లో ఉంచండి.

పోస్ట్‌గ్రెస్‌లో 2013 నాటి 9.3 వెర్షన్ నుంచి ఈ ఫారిన్ కీ తనిఖీకి తేలికపాటి లాక్ వాడుతున్నారు. కీ కాని కాలమ్‌ను మార్చడానికి అది అడ్డురాదు.