పండుగకు దొరకని సీటు: రెడ్‌బస్ ఫణీంద్ర సామ కథ

పిల్లలూ! దసరా సెలవులకు నెలరోజుల ముందు నుంచే మనలో చాలామంది ఇళ్లలో ఒక ప్రశ్న వినిపిస్తుంది: “టికెట్లు దొరికాయా?” నాన్నగారి ఉద్యోగం బస్తర్‌లో. అమ్మమ్మ వాళ్లు విజయవాడలో, నాయనమ్మ వాళ్లు శ్రీకాకుళంలో. జగదల్‌పూర్ నుంచి రాయపూర్ వెళ్లాలన్నా, విశాఖపట్నం వెళ్లాలన్నా ఇంచుమించు 300 కిలోమీటర్లు. కిరండూల్ నుంచి విశాఖ వెళ్లే రైలులో చోటు లేకపోతే ఇక బస్సే దిక్కు. భద్రాచలం వైపు వెళ్లేవాళ్లు సుక్మా, కొంటా మీదుగా 30వ నంబరు జాతీయ రహదారి పట్టుకోవాలి. ఆ సమయంలోనే ఇక్కడ 75 రోజుల బస్తర్ దసరా చివరి ఘట్టానికి వస్తుంది. దంతేశ్వరి అమ్మవారిని చూడటానికి ఊళ్లకు ఊళ్లే కదిలివస్తాయి. అటు వచ్చే జనం, ఇటు వెళ్లే జనం కలిస్తే బస్సుల్లో సీటు దొరకడం గగనమే.

ఇలాగే ఒక పండుగకు సీటు దొరకని తెలుగు యువకుడి గురించి ఈ పాఠంలో చదువుకుందాం. ఆయన పేరు ఫణీంద్ర సామ. ఇంటర్నెట్‌లో బస్సు టికెట్లు అమ్మే రెడ్‌బస్ సంస్థను స్థాపించిన ముగ్గురు మిత్రుల్లో ఆయన ఒకరు.

ఇంటికి దూరంగా చదువు, దూరంగా ఉద్యోగం

ఫణీంద్రది తెలంగాణలోని నిజామాబాద్ ప్రాంతం. ఇంజినీరింగ్ చదువు రాజస్థాన్‌లోని పిలానీలో, బిట్స్ అనే ప్రసిద్ధ విద్యాసంస్థలో సాగింది. ఆయన చదివింది ఎలక్ట్రానిక్స్. తర్వాత బెంగళూరులో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ అనే కంపెనీలో ఉద్యోగం వచ్చింది. కంప్యూటర్లలో, ఫోన్లలో ఉండే చిన్న చిన్న చిప్‌లను రూపొందించే కంపెనీ అది. బిట్స్‌లో చదువుకున్న మిత్రులతో కలిసి ఒకే ఇంట్లో ఉండేవారు. వారిలో సుధాకర్ పసుపునూరి ఐబీఎంలో, చరణ్ పద్మరాజు హనీవెల్‌లో పనిచేసేవారు. ముగ్గురివీ మంచి జీతాలొచ్చే ఉద్యోగాలే.

ఆ రోజుల్లో బెంగళూరులో మన తెలుగువాళ్లు వేల సంఖ్యలో ఉద్యోగాలు చేస్తుండేవారు. అక్కడి నుంచి హైదరాబాద్ సుమారు 570 కిలోమీటర్లు. రాత్రి బస్సెక్కి పడుకుంటే తెల్లవారేసరికి హైదరాబాద్ చేరవచ్చు. అందుకే పండుగ వచ్చిందంటే ప్రైవేటు బస్సుల దగ్గర కిటకిటలాడిపోయేది.

2005 దీపావళికి ఇంటికి వెళ్దామని ఫణీంద్ర చివరి రోజుల్లో టికెట్ కోసం బయలుదేరారు. ఒక ఏజెంటు దగ్గరకు వెళ్లారు, సీటు లేదన్నాడు. రెండో ఏజెంటు దగ్గరా అదే మాట. ఇంకొకరు, ఇంకొకరు... చివరికి ఆ దీపావళికి ఆయన ఇంటికి వెళ్లలేకపోయారు.

ఇంతవరకు ఇది మనలో ఎవరికైనా జరగగలిగే విషయమే. “ఈసారి అదృష్టం లేదు, వచ్చేసారి ముందే కొనుక్కోవాలి” అనుకుని ఊరుకుంటాం. ఫణీంద్ర మాత్రం ఒక ప్రశ్న వేసుకున్నారు: “నేను వెళ్లిన ఏజెంట్ల దగ్గర సీటు లేదు, సరే. కానీ నేను వెళ్లని ఏజెంటు దగ్గర ఒక సీటు మిగిలిపోయి ఉంటే?”

సీటు నిజంగా లేదా?

ఆ ప్రశ్న విలువ తెలియాలంటే అప్పట్లో ప్రైవేటు బస్సు టికెట్లు ఎలా అమ్మేవారో చూడాలి.

బస్సు యజమాని తన బస్సులోని సీట్లను కొందరు ఏజెంట్లకు పంచి ఇచ్చేవాడు. ఒకరికి ఐదు, మరొకరికి నాలుగు అనుకోండి. మిగిలినవాటికి ఏజెంట్లు యజమాని ఆఫీసుకు ఫోన్ చేసి అడగాలి. అక్కడ గుమాస్తా కాగితం మీద గీసిన సీట్ల పటం చూసి, ఖాళీ ఉంటే పేరు రాసుకునేవాడు. పండుగ రోజుల్లో ఆ ఫోన్ కలవడమే కష్టం. పైగా ప్రతి ఏజెంటుకూ అన్ని బస్సుల యజమానులతో పరిచయం ఉండదు. తనకు తెలిసిన నాలుగైదు బస్సుల సంగతే చెప్పగలడు.

దీనివల్ల వచ్చిన చిక్కు చూడండి. ఈ వీధిలో ఏజెంటు “సీటు లేదు” అని పదిమందిని పంపించేస్తాడు. పక్క వీధిలో ఏజెంటు దగ్గర రెండు సీట్లు అమ్ముడుపోక మిగిలిపోతాయి. బస్సు రెండు ఖాళీ సీట్లతో వెళ్లిపోతుంది. ప్రయాణికుడికి పండుగ పోయింది, యజమానికి డబ్బు పోయింది. తిరుగు ప్రయాణం టికెట్ సంగతి మరీ కష్టం. హైదరాబాద్‌లో అమ్మే టికెట్ బెంగళూరులో కొనడం చాలాచోట్ల కుదిరేది కాదు.

రైళ్లకు ఈ బాధ అంతగా లేదు, ఎందుకని? రైళ్లన్నిటికీ యజమాని ఒక్కరే, భారతీయ రైల్వే. అందుకే 1980ల్లోనే కంప్యూటర్ రిజర్వేషన్ మొదలుపెట్టగలిగింది. 2002లో ఐఆర్‌సీటీసీ ద్వారా ఇంటర్నెట్‌లో టికెట్లు అమ్మడం కూడా ఆరంభించింది. ప్రైవేటు బస్సులకు దేశమంతటా వేల మంది యజమానులు. ఒకరికి రెండు బస్సులుంటే మరొకరికి రెండు వందలు. వారి లెక్కలన్నీ ఒకచోటికి తెచ్చే వ్యవస్థ లేదు.

సంత చెప్పే పాఠం

మన బస్తర్ సంతను తలచుకోండి. చింతపండు అమ్మేవారు, ఇప్పపువ్వు అమ్మేవారు, వెదురు బుట్టలు అల్లేవారు ఎక్కడెక్కడి ఊళ్ల నుంచో నడిచి వస్తారు. కొనేవారూ అలాగే వస్తారు. అందరికీ తెలిసిన ఒక రోజు, ఒక చోటు ఉంది కాబట్టే ఎవరి దగ్గర ఏముందో, ఎంత ధర చెబుతున్నారో కంటికి కనబడుతుంది. సంతే లేకపోతే? బుట్ట కావాల్సినవాడు ఊరూరా తిరగాలి. బుట్ట అల్లినవాడు ఇంట్లో కూర్చుని ఎదురుచూడాలి. ఇద్దరూ ఉన్నారు, బుట్టా ఉంది, కలిసే చోటే లేదు.

2005లో బెంగళూరు బస్సు టికెట్ల పరిస్థితి సంత లేని ఊరి పరిస్థితే. ఖాళీ సీట్లన్నీ ఒకచోట కనబడే సంతను ఇంటర్నెట్‌లో పెడితే ఎలా ఉంటుందన్నదే ముగ్గురు మిత్రుల ఆలోచన.

మొదటి అడుగులు

ఆలోచన రావడం ఒక ఎత్తు, పని జరగడం ఒక ఎత్తు. ముగ్గురూ ఎలక్ట్రానిక్స్ రంగం వారు. వెబ్‌సైట్ తయారుచేయడం వారి వృత్తి కాదు. ఆఫీసు పని ముగించుకుని, సెలవు రోజుల్లో పుస్తకాలు ముందు పెట్టుకుని ఆ విద్య నేర్చుకున్నారు. ఏజెంట్లతో, బస్సు యజమానులతో, ప్రయాణికులతో మాట్లాడి ఎవరి ఇబ్బంది ఏమిటో తెలుసుకున్నారు.

మొదట వారు అనుకున్నది వేరు. సీట్ల లెక్క చూసుకునే సాఫ్ట్‌వేర్ తయారుచేసి బస్సు యజమానులకు, ఏజెంట్లకు ఇచ్చేద్దామనుకున్నారు. తీసుకునేవారే లేరు! కాగితం, పెన్ను, ఫోనుతో సాగిపోతున్న వ్యాపారంలోకి కంప్యూటర్ ఎందుకని వారి అనుమానం. అందులో తప్పేముంది? ఎవరో కుర్రాళ్లు వచ్చి మీ ఖాతా పుస్తకం మార్చుకోమంటే ఎవరైనా వెనకాడతారు.

ఆ సమయంలో టై అనే సంస్థ కొత్తగా వ్యాపారం మొదలుపెట్టేవారికి అనుభవజ్ఞులతో సలహాలు ఇప్పించే కార్యక్రమం నడిపేది. మిత్రులు తమ ప్రణాళికను అక్కడికి పంపారు. అది ఎంపికైంది. పెద్దల సలహాలు విన్నాక దారి మార్చారు. సాఫ్ట్‌వేర్ అమ్మే బదులు, ప్రయాణికుడికి కావలసిన టికెట్‌ను తామే అమ్మి చూపించాలనుకున్నారు. టికెట్లు అమ్ముడైతే యజమానులు వాళ్లంతట వాళ్లే నమ్ముతారు.

ఉద్యోగాలు వదిలిపెట్టి, దాచుకున్న సొమ్ము సుమారు 5 లక్షల రూపాయలతో 2006 ఆగస్టులో రెడ్‌బస్‌ను మొదలుపెట్టారు. అప్పట్లో ఇంటర్నెట్‌లో డబ్బు కట్టడమంటే చాలామందికి భయం. అందుకని ఫోన్‌లో కూడా బుక్ చేసుకునే ఏర్పాటు చేశారు, టికెట్‌ను ఇంటికి చేర్చేవారు. సాఫ్ట్‌వేర్ కంపెనీల బయట నిలబడి చిన్న చిన్న కార్డులు పంచారు. ఇంజినీర్లమన్న భేషజం పెట్టుకోలేదు.

2007లో సీడ్‌ఫండ్ అనే సంస్థ వారిపై నమ్మకంతో పెట్టుబడి పెట్టింది. మెల్లగా యజమానుల నమ్మకమూ పెరిగింది. అప్పుడు, మొదట ఎవరూ వద్దన్న సాఫ్ట్‌వేర్‌కే మళ్లీ రోజులు వచ్చాయి. బస్సు యజమానులు తమ సీట్లన్నిటినీ చూసుకునే ‘బాస్’ అనే వ్యవస్థను, ఏజెంట్లు అన్ని బస్సుల టికెట్లూ అమ్ముకునే ‘సీట్‌సెల్లర్’ అనే వ్యవస్థను రెడ్‌బస్ అందించింది. ఒకప్పుడు నాలుగు బస్సుల సంగతే చెప్పగలిగిన ఏజెంటుకు ఎన్నో బస్సుల సీట్లు ఒకే తెర మీద కనబడసాగాయి.

అమ్మకం, ఆ తర్వాత

2013 జూన్‌లో రెడ్‌బస్‌ను ఐబిబో గ్రూప్ కొనుగోలు చేసింది. పత్రికలు ఆ ధరను వందల కోట్ల రూపాయల్లో లెక్కగట్టాయి. ఆ తర్వాత ఐబిబో, మేక్‌మైట్రిప్ ఒక్కటయ్యాయి. రెడ్‌బస్ ఇప్పుడు మలేసియా, ఇండోనేసియా, పెరూ, కొలంబియా వంటి దేశాల్లోనూ టికెట్లు అమ్ముతోంది. 2018లో తెలంగాణ ప్రభుత్వం ఫణీంద్రను రాష్ట్ర ముఖ్య ఆవిష్కరణల అధికారిగా నియమించింది. కొత్త ఆలోచనలతో ముందుకు వచ్చేవారికి చేయూతనివ్వడం ఆ పదవి పని.

తూకం వేసి చూద్దాం

విజయగాథ చదివినప్పుడు రెండు వైపులా చూడటం అలవాటు చేసుకోవాలి. ఈ ముగ్గురికీ తెలివీ పట్టుదలా ఉన్నాయి, నిజమే. వాటితోపాటు మంచి కళాశాలలో చదువు, దాచుకోగలిగినంత జీతం, పడిపోతే మళ్లీ ఉద్యోగం దొరుకుతుందన్న ధైర్యం కూడా ఉన్నాయి. అందరికీ అవి ఉండవు. “ఉద్యోగం మానేస్తే కోట్లు వస్తాయి” అని ఈ కథ నుంచి ఎవరైనా నేర్చుకుంటే అది తప్పు పాఠం. వారు ముందు సమస్యను అర్థం చేసుకున్నారు, పని నేర్చుకున్నారు, పెద్దలను అడిగారు. ఉద్యోగం వదిలింది ఆ తర్వాతే.

ఇంకో మాట. ఇంటర్నెట్ సంత ఉన్న సీటును చూపిస్తుంది, లేని బస్సును నడపదు. బస్తర్‌లో ఇప్పటికీ ఫోన్ సిగ్నల్ అందని ఊళ్లున్నాయి, బస్సు వెళ్లని ఊళ్లున్నాయి. రహదారి దాకా నడిచి వచ్చి బస్సు కోసం చేయెత్తే అవ్వకు ఏ యాప్ సీటు చూపించాలి? ఆమె సమస్యకు జవాబు ఇంకా ఎవరో కనిపెట్టాల్సే ఉంది. ఆ ఎవరో ఈ ప్రాంతం చూసినవారే అయితే బాగుంటుందని మా ఆశ.

మనకేమిటి?

మేమూ బదిలీల మీద ఊళ్లు మారే ఉపాధ్యాయులమే. మీ కష్టం మాకు తెలుసు. ఒక బడిలో తెలుగు ఉంటుంది, మరో బడిలో ఉండదు. స్నేహం కుదిరేసరికి నాన్నగారికో అమ్మగారికో బదిలీ ఉత్తర్వు వస్తుంది. అయితే నాలుగు ఊళ్లు చూసిన పిల్లలకు ఒక లాభం ఉంది. ఒక ఊళ్లో ఉన్నది ఇంకో ఊళ్లో ఎందుకు లేదో మీకు చప్పున తెలుస్తుంది. ఒకేచోట పెరిగినవారికి అలవాటైపోయిన లోటు మీకు కొత్తగా కనిపిస్తుంది. అలా కనిపించినప్పుడు విసుక్కుని వదిలేయకండి. నోట్‌బుక్‌లో రాసుకోండి. “ఇది నిజంగా లేదా, లేక ఉన్నచోటు మనకు తెలియదా?” అని అడగండి. ఒక పండుగ పోగొట్టుకున్న యువకుడు అడిగింది ఆ ప్రశ్నే.

పదాల పెట్టె

గగనం: చాలా కష్టం, అందనిది
గుమాస్తా: లెక్కలు, కాగితాలు చూసే ఉద్యోగి
భేషజం: లేని గొప్ప చూపించుకోవడం
పెట్టుబడి: వ్యాపారంలో పెట్టే సొమ్ము
ఆవిష్కరణ: కొత్తగా కనిపెట్టడం
చేయూత: సాయం, ఆసరా

ఆలోచించి రాయండి

1. బస్సులో సీటు ఖాళీగా ఉన్నా ఫణీంద్ర వంటి ప్రయాణికులకు ఎందుకు దొరికేది కాదు? మీ సొంత మాటల్లో రాయండి.
2. రైలు టికెట్లు ముందుగా కంప్యూటర్‌లోకి రావడానికి, ప్రైవేటు బస్సు టికెట్లు ఆలస్యంగా రావడానికి కారణం ఏమిటి?
3. మొదట సాఫ్ట్‌వేర్ వద్దన్న బస్సు యజమానుల స్థానంలో మీరుంటే ఏమనేవారు? స్నేహితుడితో కలిసి సంభాషణగా రాయండి.
4. రహదారి పక్కన బస్సు కోసం ఎదురుచూసే అవ్వకు ఏ విధమైన సాయం ఉపయోగపడుతుంది? ఫోన్ లేకుండా కుదిరే ఉపాయం ఒకటి చెప్పండి.

చేసి చూడండి

ఈ ఆదివారం పెద్దవాళ్లతో కలిసి మీ ఊరి బస్టాండుకు వెళ్లండి. అక్కడి నుంచి ఏ ఊళ్లకు బస్సులు వెళ్తాయో, ఏ సమయానికి బయలుదేరతాయో, టికెట్ ఎక్కడ ఇస్తారో అడిగి ఒక పట్టిక తయారుచేయండి. తెలుగులోనూ హిందీలోనూ రాసి తరగతి గోడ మీద అంటించండి. కొత్తగా బదిలీ మీద వచ్చిన కుటుంబానికి మొదటి వారంలోనే అది పనికొస్తుంది.